మామగారు అనే ఎనిమిదో బోల్టు

ఆ ఆదివారం సాయంత్రం బావ చివరగా చేసిన పని ఇంజనుకి దుప్పటి కప్పడం.

అక్క వద్దనుకుని పారేసిన పాత పూల దుప్పటి అది. నాలుగు మూలలా బట్టలారేసే క్లిప్పులు పెట్టి, చంటిపిల్లకి కప్పినంత జాగ్రత్తగా కప్పాడు. అంతకుముందు చిన్న సుత్తి తీసుకుని ఎనిమిదో బోల్టు నెత్తిన టక్ టక్ టక్ మని మూడుసార్లు తట్టి, తల పక్కకి వంచి విని, డాక్టరులా పెదవి విరిచాడు.

"ఊహూఁ. మామగారు ఇంకా మెత్తబడలేదు. వచ్చే ఆదివారం చూద్దాం."

"పదకొండు ఆదివారాలైంది బావా," అన్నాడు బావమరిది, మీసం దువ్వుకుంటూ. "నా వల్ల కాలేదని ఒక్క ముక్క అనెయ్యి. నేను ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటా."

"తొందరేంట్రా? నీ మీసానికేమైనా రైలు తప్పిపోతోందా?"

బుధవారం పొద్దున, గ్లాసులో టీ ఇంకా సగం ఉండగానే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే బావ పోయాడు. జీవితం మొత్తంలో ఆయన తొందరపడి చేసిన పని అదొక్కటే.

ఆయన్ని వీధి వీధంతా 'నిదానం' అని పిలిచేది. ఎదుటివాళ్ళు ఆ మాట వెక్కిరింపుగా అన్నా ఆయన మెప్పుగానే పుచ్చుకునేవాడు. సొంత పెళ్ళికి గంటన్నర ఆలస్యంగా వచ్చినవాడాయన. దారిలో పెళ్ళివారి బస్సు ఆగిపోయింది. బాగుచేయడానికి అరగంట చాలు. మిగతా గంట, దాంట్లో అవసరం లేని ఒక బోల్టు బిగుసుకుని ఉందని గమనించి, దాని సంగతి చూడ్డానికి పట్టింది. పెళ్ళిబట్టల్లో, గోళ్ళనిండా నల్లటి మసితో, మొహం వెలిగిపోతూ దిగాడు. ఆ వెలుగు తన కోసమేనని అక్క చాలా ఏళ్ళు అనుకుంది.

ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో పాతికేళ్ళ వయసు దాటిన కార్లకి మాత్రమే వైద్యం. అందులోనూ బావకి పేరు తెచ్చినది ఒకే ఒక్క పని. ఇంజను పొగని బయటికి మోసుకుపోయే ఇనప గొట్టాల గుత్తి ఒకటుంటుంది. మ్యానిఫోల్డు అంటారు దాన్ని. దాన్ని ఇంజనుకి పట్టి ఉంచే బోల్టులు రోజూ ఎర్రగా కాలి, రోజూ చల్లారి, వానకి తడిసి, ఏళ్ళు గడిచేసరికి ఇనుముతో ఇనుము ఒకటైపోయి కూర్చుంటాయి. వాటిని కదపడం ఊళ్ళో మెకానిక్కులు ఎవరికీ ఇష్టం ఉండదు. కదపబోతే తల పుటుక్కున విరిగి చేతికొస్తుంది, మొండెం లోపలే ఉండిపోతుంది. అప్పుడు వాళ్ళు ఆ కారుని తాడు కట్టి ఈడ్చుకుంటూ బావ షెడ్డుకొచ్చి, తప్పు చేసి బడి గుమ్మంలో నిలబడ్డ పిల్లల్లా నిలబడేవాళ్ళు.

బావ అడిగేది ఒక్కటే ప్రశ్న. "ఎంత పొడుగు పైపు తగిలించావ్?"

స్పానరుకి పైపు తగిలిస్తే బలం పెరుగుతుంది. బలంతో పాటు పొగరూ పెరుగుతుంది.

"రెండడుగులండీ," అనేవాడు వచ్చినవాడు, కాలి బొటనవేలితో నేల గీస్తూ.

"అంటే నాలుగు," అనుకునేవాడు బావ పైకే, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

ఆయన లెక్కలో బోల్టులు నాలుగు రకాలు. చెయ్యి వెయ్యగానే వచ్చేసేవి మొహమాటస్తులు. కీచుమంటూ, మూలుగుతూ, తిట్టుకుంటూ ఎలాగో వచ్చేవి సణుగుడువాళ్ళు. వంగడం చేతకాక విరిగి కూర్చునేవి రోషగాళ్ళు. ఇక ఇంజను వెనక మూలన, గోడవైపు తిరిగి, చెయ్యి పట్టని సందులో కూర్చుని, ఎవరేం చెప్పినా ఉలకని పలకని ఆ చివరి బోల్టు ప్రతి కారుకీ ఒకటి ఉంటుంది. దాని పేరు మామగారు.

ఆ పేరు ఊరికే రాలేదు. బావకి పిల్లనిచ్చిన మామగారు, అంటే అక్కకీ బావమరిదికీ తండ్రి, తూనికలు కొలతల తనిఖీ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కొట్లవాళ్ళ తక్కెళ్ళు పట్టుకోవడం అయిపోయాక ఆయనకి పట్టుకోవడానికి అల్లుడు మిగిలాడు. నున్నగా గీసిన మూతి, పొడుగాటి పైపెదవి. ఆ పెదవి బిగించాడంటే ఎదుటివాడు తానేం తప్పు చేశాడో వెతుక్కోవాల్సిందే. చివరి ఆరేళ్ళూ కూతురింట్లోనే ఉన్నాడు. పొద్దున్నే మడత కుర్చీ పట్టుకుని షెడ్డులోకి వచ్చి, వీపు నిటారుగా పెట్టి కూర్చునేవాడు.

"ఎన్ని చుట్లు తిప్పావు?"

"మూడండీ."

"మూడున్నర."

"మూడున్నరేనండీ."

అన్నానికి కూర్చునే ముందు అల్లుడి గోళ్ళు చూసేవాడు. బావ రంపప్పొట్టు, సబ్బు కలిపి మోచేతుల దాకా తోముకుని, తోముకున్న చేతులు వీపు వెనక దాచుకుని వచ్చేవాడు. ఒకసారి మధ్యాహ్నం మొత్తం ఒక కారు కిందే పడుకుని ఉండిపోయాడు. కింద పనేమీ లేదు. మామగారు పైన ఉన్నారు, అంతే. మధ్యమధ్యలో చేతికందిన ఇనప ముక్కని కింద నుంచి టంగుమనిపిస్తూ, మిగతా సమయమంతా నిద్రపోయాడు. సాయంత్రం మామగారు లేచి వెళ్తూ కారు కిందకి వంగి, "నలభై నిమిషాలుగా చప్పుడు లేదు," అని మాత్రం అన్నాడట. ఆయన పోయి పన్నెండేళ్ళైనా, ఆ మాట చెప్పేటప్పుడు బావ గొంతు తగ్గేది.

ఇక బావమరిది. అచ్చాఫీసులో ప్రూఫ్‌రీడరు. వారంలో ఆరు రోజులు పక్కవాళ్ళు రాసిన తప్పులు దిద్దడం ఆయన ఉద్యోగం, ఏడో రోజు ఒక్క అక్షరం కూడా చదవకపోవడం ఆయన నియమం. ఆదివారం నాడు ఆయన చేత షాపు బోర్డు కూడా చదివించలేరు. ఒకసారి 'రంగు ఆరలేదు' అని రాసిపెట్టిన బెంచీ మీద కూర్చుని, ప్యాంటు పోయిందే తప్ప నియమం పోలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఆ ఊసెత్తితే ప్రూఫులున్నాయనేవాడు. ఆయనకి ఉన్న ఆస్తులు రెండు: ముప్ఫయ్యేళ్ళ కారు, నలభయ్యేళ్ళ మీసం. మీసానికి విడిగా ఒక దువ్వెన, విడిగా ఒక నూనె. పంతొమ్మిదో ఏట తండ్రి మాట కాదని పెంచిన మొదటిదీ చివరిదీ అదే. దాని కింద ఏముందో ఆ తరవాత ఎవరూ చూడలేదు.

"అది మీసం కాదురా. నీ నోటికి వేసిన చూరు," అనేవాడు బావ.

కారు టిక్కుటిక్కుమని చప్పుడు చేయడం మొదలెట్టింది. మ్యానిఫోల్డు దగ్గర పొగ కారుతోంది, సందులో పొగని ఆపే గాస్కెట్ రేకు మార్చాలి. ఆ పాటి పనికి బావ దగ్గరికి పోయి మాటలు పడడమెందుకని, బావమరిది తన వాకిట్లోనే స్పానరుకి పైపు తగిలించి మూడో బోల్టు మీద ఊగాడు. పుటుక్కుమంది. మర్నాడు ఆదివారం. కారు తాడు కట్టించుకుని బావ షెడ్డుకొచ్చింది.

"ఎంత పొడుగు పైపు తగిలించావ్?"

"పైపేంటి బావా? అది ముందే విరిగి ఉంది."

బావ కిందకి వంగి, విరిగిన చోట మెరుస్తున్న కొత్త ఇనుముని చూసి, లేచి, లోపలికి కేకేశాడు. "ఏమే! మీ తమ్ముడు ఆరడుగుల పైపు వేశాడు!"

ఆ ఆదివారం బావ పని చూడ్డానికి రెండు కళ్ళు చాలలేదు. ఇనప బ్రష్‌తో తుప్పు రాల్చాడు. నూనె చిమ్మి, అది లోపలికి దిగేదాకా రెండు గంటలు ఊరికే కూర్చున్నాడు. తరవాత మంట పెట్టి బోల్టుని కుంకుమ రంగు దాకా కాల్చి, కొవ్వొత్తి కొస దాని మెడకి తాకించాడు. కరిగిన మైనం మరల్లోకి చటుక్కున పీల్చుకుపోయింది. అప్పుడు బోల్టు తలని చుట్టూ పట్టే ఆరు మూలల సాకెట్ పెట్టి, విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక్క పిసరు తిప్పాడు.

"అదేంటి, ఇంకా బిగిస్తున్నావ్?"

"ముందు దాని మాట నెగ్గించాలిరా. నువ్వన్నదే కరెక్టు, ఇంకాస్త బిగుసుకో అనాలి. ఆ సంబరంలో అది కాస్త కదులుతుంది. కదిలిందా, ఇక మన దారికొస్తుంది." గొంతు తగ్గించాడు. "మీ అక్కతో ముప్ఫయ్యేళ్ళుగా ఇదే పద్ధతి."

"వినబడింది!" అంది వంటింట్లోంచి అక్క.

అలా ఒక్కొక్కటే ఆరు బోల్టులు వచ్చాయి. విరిగిన మూడోదాని మొండేనికి ఒక నట్టు వెల్డింగు చేసి, కొత్త తల పెట్టి, దాన్నీ బయటికి లాగాడు. వచ్చినవాటిని వచ్చినట్టు ఒక అట్టముక్కకి గుచ్చాడు. అది ఆయన అలవాటు. అట్ట మీద మ్యానిఫోల్డు బొమ్మ గీసి, ఏ బోల్టు ఏ చోటుదో అక్కడే కన్నం పొడిచి దాన్ని నిలబెట్టి, పక్కన నంబరు, అది బయటపడ్డ తేదీ పెన్సిలుతో రాస్తాడు. పుట్టినరోజులట. ఆ అట్టని గోడకి మేకుకి తగిలించాడు. సరిగ్గా దాని కింద, ఏదో కారులోంచి పీకిన వెనకసీటు ఉండేది. అది బావమరిది సింహాసనం.

ఎనిమిదోది రాలేదు.

కాల్చినా, మైనం పెట్టినా, బతిమాలినా రాలేదు. బావమరిదికి పట్టరాని సంతోషం వేసింది. తన కారే, తన పనే ఆగిపోయింది, అయినా సంతోషమే.

"ఇక్కడ ఉడకలేదు నీ పప్పులు! బావా, ఇది వచ్చిందంటే నా మీసం తీసేస్తా!"

అక్క గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏంటీ, ఏంటీ? మళ్ళీ అను."

"మీసం తీసేస్తానన్నా. రాలేదనుకో, మీ ఆయన వీధి మధ్యలో నిలబడి 'నా వల్ల కాలేదు' అని మూడుసార్లు అరవాలి."

"నేను సాక్షిని," అంది అక్క.

"గడువెంత?" అన్నాడు బావ.

గడువు పెట్టాలన్న ఆలోచన బావమరిదికి రాలేదు. ఎన్ని పుస్తకాలు దిద్దినవాడైనా, తన మాట దగ్గరికి వచ్చేసరికి ఒక వాక్యం వదిలేశాడు.

రెండో ఆదివారం వచ్చాడు. మళ్ళీ నూనె, మళ్ళీ మంట, మళ్ళీ మైనం. మధ్యలో బావ, "టీ తీసుకురా పో, వీధి చివర కొట్లోది. ఇంట్లోది వద్దు, మీ అక్క నీళ్ళ టీ ఇస్తోంది," అన్నాడు. బావమరిది వెళ్ళి వచ్చేసరికి బావ తుడుచుకున్న చేతులతో నిలబడి, ఆకాశం కేసి చూస్తూ ఈల వేస్తున్నాడు. ఆయన ఈల వేయగా బావమరిది ఎన్నడూ వినలేదు. పాట ఏదో కూడా తెలియలేదు, నాలుగు చోట్ల గాలే వచ్చింది.

"ఏంటి బావా, వచ్చిందా?"

"మామగారా? చస్తే రారు. కూర్చో, టీ చల్లారిపోతుంది."

అక్కడి నుంచి ప్రతి ఆదివారం అదే తంతు. బావమరిది బస్సెక్కి వచ్చేవాడు. ఎవరైనా అడిగితే, "మా బావకి తోచదండీ, పాపం. నేను పోకపోతే బెంగపెట్టుకుంటాడు," అని చెప్పేవాడు. సింహాసనం మీద కూర్చుని బావని తిట్టేవాడు, బావ చేత తిట్టించుకునేవాడు. బావ కొవ్వొత్తి వెలిగించి, బోల్టుకి నమస్కారం పెట్టి, "మామగారూ, లేస్తారా?" అని అడిగేవాడు. కాసేపు ఆగి, "గోళ్ళు చూపించమంటున్నారు," అనేవాడు. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఏడింటి బలం పోయి ఒక్కదాని మీద వేలాడుతున్న మ్యానిఫోల్డు కింద బావ ఒక చెక్కముక్క పెట్టాడు. అది మామగారి చేతికర్రట.

స్పానరు మాత్రం బావమరిది చేతికి ఇవ్వలేదు. అయిదో వారం ఆయన ఊరికే ఒక వేలు పెట్టబోతే, బావ మసిగుడ్డతో చెయ్యి మీద ఛెళ్ళున కొట్టాడు.

"ముట్టుకోకు! నీది ఆరడుగుల చెయ్యి."

విచిత్రమేంటంటే వారం వారం ఆ బోల్టు తల ఇంకా ఎర్రబడుతోంది. మొదట్లో గోధుమరంగులో ఉన్నది ఏడో వారానికి కాల్చిన ఇటుకలా తయారైంది.

"ఇంత నూనె పోస్తుంటే ఇంత తుప్పేంటి బావా?"

"మామగారికి నూనె పడదు. కోపం పెరుగుతోంది."

కిటికీ గూట్లో ఒక చిన్న గిన్నె, అందులో నీళ్ళు, నీళ్ళలో రంగులు వేసే సన్న బ్రష్ ఉండేవి. "అదేంటి?" అని అడిగితే, "మందు. ముట్టుకోకు," అన్నాడు బావ. బావమరిది ముట్టుకోలేదు. షెడ్డులో ముట్టుకోకూడనివి అప్పటికే చాలా ఉన్నాయి.

అలా పదకొండో ఆదివారం వచ్చింది. తరవాత బుధవారం వచ్చింది.

మూడు వారాల తరవాత అక్క ఫోను చేసింది. షెడ్డుని పక్కవీధి వెల్డింగు అతనికి అద్దెకిస్తోంది. అతను సోమవారం సామాను తెచ్చుకుంటాడు.

"నీ కారు సంగతేంట్రా? మ్యానిఫోల్డు వేలాడుతుంటే ఈడ్చుకుపోవడం కూడా కుదరదంటున్నాడు. ఆ ఒక్క బోల్టూ అతను ఇంత పైపు వేసి లాగేస్తానన్నాడు."

"ఎంత పైపు?" అన్నాడు బావమరిది.

"ఏమో, వాడి ఎత్తుంది."

"ముట్టుకోవద్దని చెప్పు. నేనొస్తున్నా."

బస్సులో కూర్చుని ఆలోచించాడు. పందెం లెక్క ప్రకారం గెలిచింది తనే. బోల్టు రాలేదు, మీసం పోలేదు. వీధి మధ్యలో నిలబడి అరవాల్సిన మనిషే లేడు. దాన్ని ఎవడో పైపు వేసి విరగ్గొడితే, బావ చేసిన చివరి పని విరిగిన మొండెంగా మిగిలిపోతుంది. నిదానం చెయ్యి వేసింది విరిగింది అని వీధిలో ఒక్కడన్నా అంటాడు. అలా అననివ్వకూడదు. తన దుడుకు చేత్తో అయినా సరే, బావ పద్ధతిలోనే దాన్ని నిండుగా బయటికి తియ్యాలి. తీస్తే పందెం ఎవరు గెలిచినట్టో ఆయనకి తెలియలేదు. అది తరవాత సంగతి.

ఆదివారమే. షెడ్డులో పూల దుప్పటి అలాగే కప్పి ఉంది. నాలుగు క్లిప్పులూ ఒక్కొక్కటే తీసి, వరసగా బల్ల మీద పెట్టాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడింది.

బ్రష్‌తో తుప్పు రాల్చాడు. ఎర్రటి పొడి బోలెడు రాలింది. నూనె చిమ్మాడు. రెండు గంటలు కూర్చోవాలి కాబట్టి సింహాసనం మీద రెండు గంటలూ కూర్చున్నాడు. ఎదురుగా తిట్టడానికి ఎవరూ లేరు. అక్క తెచ్చిన నీళ్ళ టీ తాగి, బాగుందన్నాడు. మంట పెట్టడం ఆయనకి చేతకాదు, బెదిరిపోయి సగం కనుబొమ్మ కాల్చుకున్నాడు. కొవ్వొత్తి మెడకి తాకించాడు. సుత్తితో మూడు దెబ్బలు తట్టి, తల వంచి విన్నాడు. ఏం వినాలో తెలియలేదు. అంతా అయ్యాక చేతులు జోడించాడు.

"మామ... నాన్నగారూ," అన్నాడు. "లేవండి."

సాకెట్ పెట్టి, ముందు దాని మాట నెగ్గించడానికి బిగించే వైపు ఒక్క పిసరు తిప్పాడు. చడీచప్పుడు లేకుండా పావు చుట్టు తిరిగింది.

ముప్ఫయ్యేళ్ళుగా ఆ షెడ్డులో కూర్చున్నవాడికి ఆ మాత్రం తెలుసు. బిగుసుకున్న బోల్టు అంత మెత్తగా తిరిగిందంటే, మెడ తెగిందన్నమాటే.

"విరిగిందక్కా," అన్నాడు. "విరగ్గొట్టేశాను."

బావమరిది సాకెట్ తీసేసి, తెగిన తలని చేతిలోకి తీసుకుందామని ఇంకా వేడిగా ఉన్నదానికి మసిగుడ్డ చుట్టి రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పాడు. తిరిగింది. తిప్పాడు. ఇంకా తిరిగింది. సీసా మూతలా తిరుగుతూ తిరుగుతూ, తల వెంట మెడ, మెడ వెంట నిండు మొండెం, ఒకటిన్నర అంగుళాల పొడుగున ఒక్క గీత పడకుండా బయటికొచ్చింది. మ్యానిఫోల్డు చేతికర్ర మీద దబ్బున కూర్చుంది. తల ఎర్రగా తుప్పుముద్దలా ఉంది. మరలు మాత్రం తోమిన గిన్నెల్లా శుభ్రంగా ఉన్నాయి. వాటినిండా రాగి రంగు ముద్ద పూసి ఉంది. బోల్టు మళ్ళీ బిగుసుకోకుండా, పని పూర్తయ్యాక బావ ప్రతిదానికీ పూసేది అదే.

తరవాత ఏం చెయ్యాలో తోచక, బోల్టుని అట్టకి గుచ్చుదామని సింహాసనం వైపు తిరిగి, దాని పైనున్న మేకు వైపు తలెత్తాడు. ఇన్ని ఆదివారాలూ ఆ అట్టకి వీపు ఆనించి కూర్చున్నవాడు, మొదటిసారి దాన్ని చదివాడు. ఏడు బోల్టులు, ఏడు నంబర్లు, ఏడింటికీ పక్కన 14. ఎనిమిదో చోట బోల్టు లేదు. కన్నం ఉంది. కన్నం చుట్టూ నూనె పీల్చుకుని గుండ్రటి మరక ఉంది. పక్కన వంకర అంకెల్లో 21.

గోడ మీద కేలండర్ చూశాడు. మళ్ళీ చూశాడు. రెండో ఆదివారం. టీకి వెళ్ళిన ఆదివారం. ఈల వేసిన ఆదివారం.

బోల్టుని ఆ కన్నంలో గుచ్చాడు. చక్కగా సరిపోయింది. ఇంట్లోకి నడిచాడు. అక్కని దాటుకుని స్నానాలగదిలోకి వెళ్ళి, బావ గడ్డం గీసుకునే కత్తి తీసి, తలుపు వేసుకున్నాడు.

అరగంటకి బయటికొచ్చాడు. పైపెదవి చల్లగా, తనది కానట్టుగా ఉంది. అక్క కూరగాయలు తరుగుతోంది. తలెత్తింది. చేతిలో కత్తి బల్ల మీద పెట్టేసి, చటుక్కున లేచి నిలబడి, కొంగు సర్దుకుంది.

"నాన్నా," అంది.

అన్నాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరవాత నవ్వు మొదలైంది. మూడు వారాలుగా ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. కుర్చీ పట్టుకుని, గోడ పట్టుకుని, చివరికి నేల మీద కూలబడి నవ్వింది. మధ్యలో కన్నీళ్ళు ఎప్పుడు కలిశాయో తెలియలేదు.

"అదే అన్నారురా ఆయన! అచ్చం అదే!"

"ఏమన్నాడు?"

"రెండో వారం రాత్రి అన్నం తింటూ చెప్పారు. బోల్టు వచ్చేసిందే అని. మరి వాడి మీసమేది అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, ఇటూ అటూ చూసి, నా చెవిలో అన్నారు. 'ఆ మీసం కింద మీ నాన్నగారున్నారే. ఆరేళ్ళు చాలదా? మళ్ళీ ఆయన ప్రతి ఆదివారం వచ్చి షెడ్డులో కూర్చుంటే నేను ఏ కారు కింద దాక్కోవాలి?' అని."

బావమరిది తన కొత్త పెదవి తడుముకున్నాడు. "సాక్షినన్నావు. నువ్వూ కలిశావన్నమాట."

"ఏం చెయ్యమంటావ్? చెప్తే ఊరుకోరు. మళ్ళీ నిన్ను ఎలా రప్పించాలి, కారు తోలుకుని ఎటో పోతాడు, నేనెవరిని తిట్టుకోవాలి అని గోల. మొన్న ఫోనులోనూ అందుకే చెప్పలేదు, నువ్వే వచ్చి నీ చేత్తో విప్పాలని." కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకు మాత్రం ఆయన మీద ఒకటే కోపం. ప్రతి శనివారం నా ఉప్పుడబ్బా ఖాళీ చేసేవారు."

"ఉప్పా?"

"అదేరా, ఆ గిన్నెలోకి. శనివారం సాయంత్రం ఆ బోల్టు విప్పి, తుడిచి, మళ్ళీ చేత్తో బిగించి, దాని తలకి ఉప్పునీళ్ళు పూసేవారు. తెల్లారేసరికి నీ కంటికి బాగా తుప్పు పట్టి కనబడాలని. జీవితమంతా తుప్పుతో కుస్తీ పట్టిన మనిషి, దీపం పెట్టుకుని కూర్చుని తుప్పు పెంచేవారు. తొమ్మిది వారాలు."

బావమరిది మళ్ళీ షెడ్డులోకి వెళ్ళాడు. కిటికీ గూట్లో గిన్నె అలాగే ఉంది. నీళ్ళు ఎప్పుడో ఆరిపోయాయి. సన్న బ్రష్ గిన్నె అడుగుకి అతుక్కుపోయి, చుట్టూ ఉప్పు తెల్లగా గట్టిపడి ఉంది. ముందు కాస్త కిందకి నొక్కి, అప్పుడు పైకి లాగాడు. వచ్చింది.